ఎర్ర గులాబీకి లింకు డాక్యుమెంట్లు వెతకడం ఎలా?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఎవరు స్థలం కాగితం పట్టుకొచ్చినా నేను మొదట అడిగే మాట ఒక్కటే: "లింకు డాక్యుమెంట్లు ఏవండీ?" ఇప్పటి ఓనరు ఎవరి దగ్గర కొన్నాడు, వాళ్లకి ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో గొలుసు ఎక్కడైనా తెగిందా అని చూడాలి. పని మానేశాక గులాబీల మీద పడ్డాను. చేతికి పట్టిన అలవాటు కదా, అక్కడా అదే ప్రశ్న వేస్తూ వచ్చాను.

పాత గులాబీల గురించి ఏ పుస్తకం తెరిచినా "ఈ రకాన్ని ఫలానా ఏడాది ఫలానా ఆయన తెచ్చాడు" అని ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క ఎక్కడిదని వెనక్కి వెళ్తే ఈ పుస్తకం ఆ పుస్తకాన్ని, అది ఇంకోదాన్ని చూసి రాసినట్టు తేలుతుంది. అసలు కాగితం చూసినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ అసలు కాగితాలు చాలావరకు ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఒక పాత ఎర్ర గులాబీ చరిత్రని మొదటి కాగితం దాకా ఎలా తవ్వాలో చెబుతాను. ఫోన్ తెర మీద కళ్లు లాగేస్తాయి, ల్యాప్‌టాప్ గానీ ట్యాబ్ గానీ ఉంటే మేలు.

నమూనాగా తీసుకుంటున్నది 'స్లేటర్స్ క్రిమ్సన్ చైనా'. చైనా తోటల్లో పుట్టి, 18వ శతాబ్దం చివర్లో లండన్ చేరిన చిన్న మొక్క. ముదురు ఎరుపు, రెండు మూడు వరసల రేకులు, ఏడాది పొడుగునా పూత. అప్పటిదాకా యూరప్‌లో ఉన్న ఎర్ర గులాబీలు చాలావరకు ఊదా కలిసినవి, ఏడాదికి ఒక్కసారే పూసేవి. కాబట్టి ఇది వచ్చాక అక్కడి తోటల వాళ్లు ఎగబడ్డారు. ఈ రోజు మనం బొకేల్లో చూసే నిండు ఎరుపు వెనక ఉన్న ముత్తాతల్లో దీన్ని ఒకటిగా లెక్కిస్తారు. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, దీని కాగితాలు దాదాపు అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పైగా మన కలకత్తా పేరు కూడా దీని కథలోకి లాగారు. ఆ లాగుడు ఎంతవరకు నిజమో చూడాలని నాకు మొదటి నుంచీ దురద.

ముందు పేర్లు పోగుచేయండి

ఒకే స్థలానికి పాత సర్వే నంబరు, కొత్త సర్వే నంబరు, ఊళ్లో జనం పిలిచే పేరు మూడూ వేరుగా ఉన్నట్టే గులాబీకీ ఉంటాయి. ఒక్క పేరుతో వెతికితే సగం రికార్డులు కంటికి కనపడవు. అందుకే ఒక తెల్లకాగితం మీద దొరికిన పేర్లన్నీ రాసుకోండి. పేరు పక్కన అది ఏ ఏడాది కాగితంలో కనిపించిందో కూడా వేయండి.

మన గులాబీకి వచ్చేవి ఇవి. 1794లో లండన్ వృక్షశాస్త్రవేత్త విలియం కర్టిస్ పెట్టిన పేరు రోజా సెంపర్‌ఫ్లోరెన్స్, అంటే ఎప్పుడూ పూసేది. తర్వాతి శాస్త్రవేత్తలు దీన్ని వేరే జాతిగా ఒప్పుకోక, రోజా చైనెన్సిస్‌లో ఒక రకంగా కలిపారు. కొందరు రోజా ఇండికా కింద వేశారు. ఈ 'ఇండికా' చూసి మనవాళ్లు సంబరపడిపోతుంటారు. మొక్కలకి లాటిన్ పేర్ల పద్ధతి స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరది. పేరులో ఇండియా ఉంది గానీ మొక్క చైనాది. ఫ్రెంచి వాళ్లు చైనా గులాబీలన్నిటినీ కలిపి 'బెంగాల్ గులాబీలు' అన్నారు. ఇంగ్లీషు తోటల్లో 'ఓల్డ్ క్రిమ్సన్ చైనా' అన్నారు. చైనాలో ఈ తరహా గులాబీలకి 'యూయే యూయే హోంగ్' అని వాడుక పేరు, నెలనెలా పూసే ఎరుపు అని.

వెతికేటప్పుడు ఒక చిన్న చిక్కు. 1800కి ముందు అచ్చయిన ఇంగ్లీషు పుస్తకాల్లో 'ఎస్' అక్షరం పొడుగ్గా, అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది. స్కాన్ చేసిన పేజీని కంప్యూటర్ చదివేటప్పుడు దాన్ని 'ఎఫ్' అనే అనుకుంటుంది. కాబట్టి సెర్చ్ పెట్టెలో 'రోజా' అని సరైన స్పెల్లింగ్ కొడితే "ఏమీ దొరకలేదు" అని వస్తుంది. 'ఎస్' ఉన్నచోట 'ఎఫ్' పెట్టి మళ్లీ కొట్టండి. అప్పటికీ రాకపోతే సెర్చ్ వదిలేసి పుస్తకం చివర ఉండే సూచిక తెరిచి కళ్లతోనే చూసుకోవడం మంచిది. ఎక్కువసార్లు అదే త్వరగా తెములుతుంది.

మొదటి కాగితం: 1794 నాటి పేజీ

'బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ' అని ఉచిత వెబ్ లైబ్రరీ ఉంది. ప్రపంచంలోని పెద్ద పెద్ద వృక్షశాస్త్ర గ్రంథాలయాలు తమ పాత పుస్తకాలని స్కాన్ చేసి అందులో పెడతాయి. కర్టిస్ 1787లో మొదలుపెట్టిన 'బొటానికల్ మ్యాగజైన్' సంపుటాలు అందులో ఉన్నాయి. మనకి కావలసింది 8వ సంపుటం, 284వ చిత్రం. ఆ పత్రికలో బొమ్మలకి వరుస నంబర్లుంటాయి, మనం పేజీ నంబరు కాదు, బొమ్మ నంబరు పట్టుకోవాలి.

బొమ్మ తెరవగానే పువ్వు చూడకండి. ముందు అడుగున ఉన్న సన్నటి అక్షరాల వరస చూడండి. ప్రచురించినవాడి పేరు, చిరునామా, తేదీ అక్కడ చెక్కి ఉంటాయి. దస్తావేజు చూసేటప్పుడు నేను ముందు స్టాంపు పేపరు కొన్న తేదీ చూసేవాణ్ణి, మేటర్ తర్వాత. ఇక్కడా అంతే. సంపుటం అట్ట మీద వేసిన ఏడాది కన్నా ఈ అడుగు వరసే గట్టి సాక్ష్యం.

ఇప్పుడు పక్క పేజీ. కర్టిస్ రాసింది చిన్న వ్యాసమే, ఒక్క పేజీకి కాస్త అటూ ఇటూ. కానీ ప్రతి వాక్యం పనికొస్తుంది. ఇంగ్లండ్‌కి ఇంతవరకు వచ్చిన అలంకార మొక్కల్లో అన్నిటికన్నా కోరదగ్గవాటిలో ఇదొకటి అన్నాడు. మొక్క సైజుకి పువ్వు పెద్దదట, రేకులు సగం ముద్దట, రంగు నిండుగా ఉండి మంచి వాసన కూడా ఉందట. ఏడాదంతా పూస్తుందట, చలికాలంలో మాత్రం కాస్త తక్కువగా. ఇది ఎంత కొంచెం మట్టిలో బతుకుతుందంటే దాదాపు కాఫీ కప్పులో కూడా పెంచవచ్చట! 1794లో లండన్ పెద్దమనిషి గులాబీకి కొలత చెప్పడానికి కాఫీ కప్పుని పట్టుకోవడం నాకు భలే నచ్చింది. కొమ్మ గుచ్చినా, పిలక తీసి నాటినా తేలిగ్గా వస్తుందని కూడా రాశాడు. అంటే అంటు కట్టాల్సిన పనిలేదన్నమాట. ఇది ముఖ్యమైన మాట, తర్వాత అక్కరకొస్తుంది.

ఆ తర్వాత అసలు సంగతి. ఈ మొక్క తమ దేశానికి దక్కింది లండన్ పక్కన లేటన్‌స్టోన్ దగ్గర నాట్స్ గ్రీన్‌లో ఉండే గిల్బర్ట్ స్లేటర్ వల్ల అంటాడు. 'కీర్తిశేషులైన' అని వేస్తాడు, ఎందుకంటే స్లేటర్ అంతకు ముందే 1793లో పోయాడు. ఈస్టిండియా కంపెనీ ఓడల వ్యాపారంలో ఉన్న మనిషి, తూర్పు దేశాల నుంచి అరుదైన మొక్కలు తెప్పించడం మీద పిచ్చి. ఖర్చుకి వెనకాడేవాడు కాదని, తెచ్చిన మొక్కల్ని దాచుకోకుండా బాగా పెంచి పదింతలు చేయగల నర్సరీ వాళ్లకి పంచేవాడని కర్టిస్ మెచ్చుకుంటాడు. ఈ గులాబీని స్లేటర్ చైనా నుంచి సంపాదించి ఇప్పటికి సుమారు మూడేళ్లయింది అంటాడు.

ఇక్కడ ఆగి కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఎడమ గడిలో ఈ పేజీ తన నోటితో చెప్పింది మాత్రమే రాయండి. కుడి గడిలో మీరు లెక్క కట్టింది. 'సుమారు మూడేళ్లు' ఎడమ గడి. 1794 లోంచి 3 తీస్తే 1791, ఇది కుడి గడి. ఈ తేడా పాటించకపోవడం వల్లే పుస్తకాల్లో ఏళ్లు గందరగోళమయ్యాయి. కర్టిస్ ఎక్కడా '1791' అని అంకె వేయలేదు. ఆయన 'సుమారు' అన్నాడు. మనం ఆ మాట మింగేసి 1791 అని ఖాయం చేస్తే అది మన కల్పన.

ఎడమ గడిలో రాయాల్సింది ఇంకోటి ఉంది, ఈ పేజీలో లేనిది. ఓడ పేరు లేదు. కెప్టెన్ పేరు లేదు. కలకత్తా అన్న మాటే లేదు.

కలకత్తా కథని ఎలా నిలదీయాలి

చాలా పుస్తకాల్లో కనిపించే కథ ఇది: కంపెనీ ఓడ కెప్టెన్ ఒకాయన 1789లో కలకత్తాలోని తోటలో ఈ ఎర్ర గులాబీని చూసి ముచ్చటపడి, ఇంగ్లండ్ తీసుకెళ్లి స్లేటర్‌కి ఇచ్చాడు. చదవడానికి బాగుంటుంది. మనకైతే ఇంకా బాగుంటుంది, ప్రపంచంలోని ఎర్ర గులాబీలకి దారి మన దేశంలోంచి పోయిందంటే ఎవరికి చేదు?

కానీ ఇలాంటి కథ దొరికినప్పుడు రెండే ప్రశ్నలు వేయాలి. దీన్ని మొదట రాసినవాడు ఎవరు? స్లేటర్‌ని ఎరిగినవాడా, తర్వాత తరం వాడా? మీరు చదివిన పుస్తకంలో ఆ వాక్యానికి ఆధారం చూపకపోతే, అది వాదన మాత్రమే, సాక్ష్యం కాదు. దాన్ని మూడో గడి గీసి అందులో పెట్టండి, 'చెప్పుకునేవి' అని పైన రాసి. కొట్టేయకండి. రేపు ఎవరైనా ఒక ఉత్తరం పట్టుకొస్తే మొదటి గడికి మార్చుకోవచ్చు.

కర్టిస్ పేజీని ఇంకోసారి చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆయన ఒకే పేరాలో ఇండియా మొక్కల ప్రస్తావనా తెస్తాడు, చైనా పేరూ ఎత్తుతాడు. స్లేటర్ బతికుంటే ఇండియా మొక్కల్లో మొదటి సేకరణ ఆయనదే అయ్యేదంటాడు, ఈ గులాబీ మాత్రం చైనాది అంటాడు. రెండు పేర్లూ తెలిసి, విడదీసి వాడిన మనిషి. స్లేటర్ పోయిన ఏడాదికల్లా, ఆయన్ని ఎరిగిన ఊళ్లో అచ్చు వేసిన మాట. నేనైతే దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. అలాగని ఓడ దారిలో ఎక్కడా ఆగలేదని ఈ పేజీ చెప్పడం లేదు. చైనా నుంచి అంది, ఏ దారిన అనలేదు.

కలకత్తా వైపు నుంచి కూడా చూడటం ధర్మం. హుగ్లీ ఒడ్డున శివపూర్‌లో కంపెనీ తోటని రాబర్ట్ కిడ్ మొదలుపెట్టింది 1787లో. 1793లో దానికి సూపరింటెండెంట్‌గా వచ్చింది విలియం రాక్స్‌బర్గ్. ఈయన మావాడే అనుకోండి! 1781 నుంచి మా సామర్లకోటలో ఉండి, ఇక్కడ మిరియాలు, నీలిమందు లాంటివి ప్రయోగాలుగా పెంచి, కోరమండల్ తీరం మొక్కలకి బొమ్మలు వేయించిన డాక్టరు. వాటిలో 300 బొమ్మలు తర్వాత లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఇక్కడ ఆయన పేరున ఒక వీధి కూడా నా కంట పడలేదు, అది వేరే బాధ.

ఆ కలకత్తా తోటలో ఉన్న మొక్కల పట్టీని 'హార్టస్ బెంగాలెన్సిస్' పేరుతో 1814లో సేరంపూర్ మిషన్ ప్రెస్‌లో విలియం కేరీ అచ్చు వేయించాడు. ఇదీ ఉచితంగా దొరుకుతుంది. చూడ్డానికి అచ్చం మన అడంగల్‌లా గళ్లు గళ్లుగా ఉంటుంది: మొక్క పేరు, దేశీ పేరు, పుట్టిన చోటు, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు వచ్చింది, పూసే కాలం. అక్షర క్రమంలో ఉండదు, లిన్నేయస్ తరగతుల ప్రకారం ఉంటుంది. గులాబీ 'ఐకోసాండ్రియా' అనే తరగతిలో, 'పాలిజినియా' అనే వరసలో వస్తుంది. పై శీర్షికలు చూసుకుంటూ అక్కడికి వెళ్లి, 'రోజా' కింద ఉన్న ప్రతి పేరునీ, దాని ఎదుటి గళ్లన్నిటినీ ఎత్తి రాసుకోండి.

ఒక జాగ్రత్త. ఈ పట్టీ 1814 నాటిది. స్లేటర్ గులాబీ లండన్ చేరిన ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాతది. 'ఎప్పుడు వచ్చింది' గడిలో 1791 కన్నా ముందు ఏడాది కనిపిస్తే తప్ప, ఇందులో పేరు ఉన్నంత మాత్రాన కలకత్తా కథ రుజువైపోదు. లండన్ నుంచి కలకత్తాకి కూడా మొక్కలు వచ్చేవి, ఓడలు రెండు వైపులా తిరిగేవి కదా.

ఇంకా వెనక్కి: ఎండిన కొమ్మ

కర్టిస్ కన్నా ముందు యూరప్‌కి ఈ తరహా గులాబీ ప్రాణంతో కాకపోయినా కాగితానికి అంటుకుని వచ్చింది. హాలండ్‌లో గ్రొనోవియస్ అనే వృక్షశాస్త్రవేత్త సేకరణలో 1733 నాటి ఎండు కొమ్మ ఒకటుంది. దాని మీద డచ్చి భాషలో చైనా అడవి గులాబీ అన్న అర్థం వచ్చే చీటీ. వియన్నాలో పనిచేసిన జాక్విన్ 1768లో రోజా చైనెన్సిస్ అని పేరు పెట్టి బొమ్మతో సహా అచ్చు వేసింది ఈ కొమ్మ ఆధారంగానే. ఇప్పుడది లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

ఇలాంటి ఎండు నమూనా షీటుని, అంటే హెర్బేరియం షీటుని, చదవడం ఒక విద్య. కొమ్మ మధ్యలో ఉంటుంది, మనం చూడాల్సింది మూలల్లో. ఒక్కో షీటు మీద మూడు నాలుగు రకాల చేతిరాతలు ఉండొచ్చు: సేకరించినవాడి చీటీ, మ్యూజియం ముద్ర, ఎప్పుడో వచ్చి చూసిన పండితుడు అంటించిన చిన్న కాగితం. వీటిలో ఏ రాత ఏ కాలానిదో విడదీయకపోతే 20వ శతాబ్దపు అభిప్రాయాన్ని 18వ శతాబ్దపు సాక్ష్యంగా చెప్పేస్తాం. పాత దస్తావేజు అంచున ఎవరో పెన్సిల్‌తో గీకిన నోటుని ఒప్పందంలో భాగం అనుకున్నట్టే అది.

రంగు విషయం ఇంకా ప్రమాదం. ఎండిన రేకు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. కేంబ్రిడ్జిలో గులాబీల జన్యువుల మీద పనిచేసిన సి.సి. హర్స్ట్ 1941లో అచ్చయిన తన వ్యాసంలో గ్రొనోవియస్ కొమ్మని ముదురు ఎరుపు చైనా గులాబీగానే లెక్కించాడు. ఆయన నిపుణుడు, ఆయన మాటకి విలువ ఉంది, కానీ అది 1941 నాటి మాట. మీ కాగితంలో 1733 పక్కన కాదు, 1941 పక్కన రాయండి.

మనం తరచూ చదివే 'నాలుగు మూల చైనా గులాబీలు' అనే జాబితా కూడా హర్స్ట్‌దే. స్లేటర్ ఎరుపు 1792, పార్సన్స్ గులాబీరంగు 1793, హ్యూమ్ లేత రంగు 1809, పార్క్స్ పసుపు 1824. పుస్తకాల్లో 1792 అని కనిపిస్తే ఎక్కువగా ఈ జాబితా నుంచి ఎత్తినదే. కర్టిస్ ప్రకారం లెక్కేస్తే సుమారు 1791, కెప్టెన్ కథ ప్రకారం 1789. ఇందులో ఏది కరెక్టని టెన్షన్ పడక్కర్లేదు. ఓడ ఎక్కిన ఏడాది, లండన్‌లో దిగిన ఏడాది, మొదటి పువ్వు విచ్చిన ఏడాది, నర్సరీలో అమ్మకానికి వచ్చిన ఏడాది, బొమ్మ అచ్చయిన ఏడాది ఇవన్నీ వేరువేరు సంఘటనలు. ప్రతి అంకె పక్కన అది ఏ సంఘటనదో రాస్తే సగం తగాదాలు వాటంతటవే సర్దుకుంటాయి.

బొమ్మల్ని ఎంత నమ్మాలి

కర్టిస్ పత్రికలో బొమ్మ గీతలు అచ్చులో వచ్చేవి, రంగులు మాత్రం మనుషులు కుంచెతో ఒక్కో కాపీకి వేసేవాళ్లు. ఆ పత్రిక 1948 దాకా అలాగే నడిచిందంటే ఓపిక చూడండి. దీని వల్ల మనకొచ్చే చిక్కేమిటంటే, ఒకే 284వ బొమ్మ ఒక లైబ్రరీ కాపీలో రక్తంలా ఉంటే, ఇంకో కాపీలో ఊదాకి తిరిగి ఉండొచ్చు. రంగు వేసిన చెయ్యి వేరు, రంగు పాడైన తీరు వేరు, స్కానర్ వేరు. కాబట్టి కనీసం రెండు మూడు లైబ్రరీల కాపీలు పక్కపక్కన తెరిచి చూడండి. ఆకు అంచు, ముల్లు ఆకారం, కాడ పొడవు లాంటివి అచ్చు గీతలోవి, అన్ని కాపీల్లో ఒకేలా ఉంటాయి. వాటిని నమ్మండి. ఎరుపు ఏ ఛాయ అన్నదానికి బొమ్మ కన్నా పక్క పేజీ మాటలే నయం.

ఫ్రాన్స్‌లో రెడూటే బొమ్మలు వేయగా తోరీ వివరణలు రాసిన గులాబీల గ్రంథం 1817 నుంచి 1824 దాకా భాగాలుగా వచ్చింది. అందులో 'రోజా ఇండికా క్రుయెంటా' అని నెత్తురు రంగు బెంగాల్ గులాబీ ఉంది. అందంలో దానికి సాటి లేదు. ఇంటర్నెట్‌లో స్లేటర్ గులాబీ బొమ్మ అంటూ దీన్నే ఎక్కువగా తగిలిస్తారు. కానీ లెక్క చూడండి. అప్పటికి స్లేటర్ మొక్క యూరప్ చేరి పాతికేళ్లు దాటింది. గింజల నుంచి పిల్ల మొక్కలు మొలిచాయి, వాటికి కొత్త పేర్లు వచ్చాయి. కాబట్టి రెడూటే బొమ్మ ఆ కుటుంబానికి ఫోటో అవుతుంది గానీ, ఆ మనిషికే ఆధార్ కార్డు కాదు. బొమ్మ కన్నా తోరీ పాఠం మొదట్లో వచ్చే పర్యాయ నామాల వరస మీ పనికి ముఖ్యం. ఏ పాత పేరుని ఆయన ఏ మొక్కకి కలిపాడో అక్కడ తెలుస్తుంది. ఫ్రెంచి రాకపోయినా ఫర్వాలేదు, ఆ వరస లాటిన్‌లో, పుస్తకాల పొట్టి పేర్లతో ఉంటుంది.

మీ గులాబీ ఇంతకన్నా కొత్తదైతే

1830 తర్వాత పుట్టిన రకాలకి దారి వేరు, కొంచెం సులువు కూడా. నర్సరీ క్యాటలాగులు చూడాలి. కొత్త రకం మొదటి ఏడాది ఖరీదుగా ఉండి తర్వాత ధర దిగుతూ వస్తుంది, ఆ దిగుడు చూసి అది ఎప్పుడు మార్కెట్లోకి వచ్చిందో అంచనా కట్టవచ్చు. 1853 నాటి 'జనరల్ జాక్‌మినో', 1897లో గెష్విండ్ సృష్టించగా ట్రియర్ ఊరి లాంబర్ట్ విడుదల చేసిన 'గ్రుస్ ఆన్ టెప్లిట్జ్' లాంటి ఎర్రవాటికి ఫ్రెంచి 'జర్నల్ దె రోజ్' (1877–1914), జర్మన్ 'రోజెన్ త్సైటుంగ్' (1886–1933) పత్రికలు తిరగేయండి. సిమోన్, కోషే అనే ఇద్దరు 1899లో వేసిన గులాబీ పేర్ల జాబితా జేబు నిఘంటువులా అక్కరకొస్తుంది. 1955 నుంచి కొత్త గులాబీ పేర్ల అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ అమెరికన్ రోజ్ సొసైటీ చేతిలో ఉంది, అక్కణ్ణుంచి పెద్దగా తగువుల్లేవు.

కాగితం సరే, మొక్క ఏది?

స్థలం విషయంలో కాగితాలన్నీ సవ్యంగా ఉన్నా, ఆ కాగితాల్లోని స్థలమూ కళ్ల ముందున్న స్థలమూ ఒకటేనా అన్నది హద్దులు కొలిస్తేనే తేలుతుంది. గులాబీలో ఈ కష్టం మరీ ఎక్కువ. స్లేటర్ మొక్క నుంచి నేటి దాకా, చేతులు మారిన ప్రతిసారీ రాసిపెట్టిన గొలుసు ఏ మొక్కకీ లేదు. యూరప్ తోటల్లో అది చాలాకాలం కనపడకుండా పోయింది. బెర్ముడా దీవుల్లో ఒక పాత ఇంటి పేరు మీద "బెల్‌ఫీల్డ్" అని పిలిచే ఎర్ర గులాబీ ఉంది, స్లేటర్ గులాబీ ఇదేనని చాలామంది నమ్ముతారు. అక్కడివాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే, దానికి తొందరపడి స్లేటర్ పేరు తగిలించకుండా దొరికిన చోటు పేరుతోనే పిలుస్తున్నారు.

మొక్క ముందు నిలబడినప్పుడు చూడాల్సినవి కొన్ని. కొమ్మలు సన్నగా, మొక్క పొట్టిగా ఉండాలి. లేత చిగురు ఊదా ఛాయలో ఉంటుంది. పువ్వు ఎక్కువగా ఒంటరిగా, సన్నటి పొడుగు కాడకి పూస్తుంది, కాడ బరువుకి వంగుతుంది. పువ్వు విచ్చాక లోపలి రేకుల్ని వేలితో మెల్లగా పక్కకి జరిపి చూడండి: ఎర్ర చైనా గులాబీల్లో చాలావాటికి రేకు మొదట్లో తెల్లటి చార ఉంటుంది, ఒక్కోసారి అది రేకు మధ్య దాకా పాకుతుంది. ఎండ తగిలేకొద్దీ రంగు వెలిసిపోదు, ఇంకా ముదురుతుంది. పొద్దున విచ్చిన పువ్వుని, నిన్న విచ్చినదాన్ని పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఈ లక్షణాలన్నీ కలిసినా అది 'ఎర్ర చైనా గులాబీ' అని మాత్రమే తేలుతుంది, స్లేటర్‌దే అని కాదు. 1830లలో ఫ్రాన్స్‌లో వచ్చిన 'క్రామ్వాజీ సుపీరియర్' కూడా ఇలాగే ఉంటుంది, ఇంకాస్త ముద్దగా. దాన్నే స్లేటర్ అని అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు లోకమంతా ఉన్నారు. డీఎన్ఏ పరీక్ష చేయించొచ్చు కదా అంటారు. పోల్చడానికి ఖాయంగా స్లేటర్‌దే అనదగ్గ నమూనా ముందు కావాలి, చిక్కంతా అక్కడే. ఏడాదంతా పూసే గుణం వెనక ఉన్న జన్యు మార్పుని శాస్త్రవేత్తలు 2012లో పట్టుకున్నారు. అది మళ్లీ మళ్లీ పూసే గులాబీలు ఎన్నిటిలోనో ఉంటుంది, ఒక్క మొక్కని వేరు చేసి చూపించదు.

మన వైపు నర్సరీకి వెళ్లి పాత ఎర్ర గులాబీ అని అడిగితే 'నాటు గులాబీ' అనో, 'కశ్మీరు గులాబీ' అనో, 'బటన్ రోజ్' అనో కవర్లో మొక్క చేతిలో పెడతారు. ఆ పేర్లతో చరిత్ర వెతకలేం. అడగాల్సింది వేరే ఉంది: "ఇది అంటా, కొమ్మ గుచ్చిందా? తల్లి మొక్క ఎవరి పెరట్లోది?" కర్టిస్ తేలిగ్గా కొమ్మతో వస్తుందన్నాడు కాబట్టి, పాత పెరట్లో సొంత వేళ్ల మీద ఉన్న మొక్కకి విలువ ఎక్కువ. అంటు మొక్కయితే పైది చచ్చి కిందిది ఎదిగి ఉండొచ్చు, అప్పుడు మీరు చరిత్ర రాస్తున్నది వేరే గులాబీకి.

అలాంటి మొక్క ఎక్కడైనా దొరికితే కొమ్మ అడిగి తెచ్చుకోండి. వేలెడు లావు వద్దు, పెన్సిల్ కన్నా సన్నటిది, పూత అయిపోయిన కొమ్మ చాలు. కుండీకి చెక్క ముక్కో, రేకు ముక్కో కట్టి దాని మీద మూడు సంగతులు రాయండి: దొరికిన ఊరు, ఇల్లు ఎవరిదో తెలిసేలా ఒక గుర్తు, కొమ్మ తెచ్చిన తేదీ. దొరికిన మొక్కకి మీరు పెట్టే తాత్కాలిక పేరుని జంట కొటేషన్ గుర్తుల మధ్య రాయండి, ఖాయమైన రకం పేరుకి ఒంటి కొటేషన్ వాడతారు. గులాబీ వాళ్లందరూ పాటించే పద్ధతి ఇది, చూడగానే ఇది దొరికిన మొక్కా, తేలిన మొక్కా అన్నది తెలిసిపోతుంది. పెన్సిల్‌తోనే రాయండి. మార్కర్ పెన్ను మన ఎండకి ఒక్క వేసవి కూడా ఆగదు.